పడుకుని చూసి పంపిన పరుపు

పొద్దున్నే మంచం దిగాలంటే పరుపులాయన ముందు ఒక పక్కకు ఒరగాలి, తర్వాత మోచేతి మీద లేవాలి, ఆపైన రెండు చేతులూ నడుముకు ఆనించి, ఎవరో నానా తిట్లూ తిట్టినట్టు మొహం పెట్టి నిలబడాలి. అప్పటికే గుమ్మంలో కోడలు గ్లాసుతో సిద్ధంగా ఉండేది. మొక్కజొన్న పీచు మరగబెట్టిన కషాయం. అది దిగాక బార్లీ నీళ్లు. దాని మీద కొత్తిమీర రసం. మధ్యాహ్నానికి పుచ్చగింజల పొడి. ఇవన్నీ కిడ్నీలను కడుగుతాయట. ఇల్లు కూడా ఎవరూ అన్నిసార్లు కడగరు.

ఒంట్లో బాగాలేదంటే చాలు, వీధిలో ప్రతివాడూ వైద్యుడే. వియ్యపురాలు ఉప్పు మానేయమంది. ఎదురుకొట్టు సైకిలు మెకానిక్ టమాటా గింజ కడుపులోకి పోతే రాయైపోతుందన్నాడు. పాలకూర ముట్టొద్దని ఒకడూ, పాలకూరే తినమని ఒకడూ. తాళాలు బాగుచేసేవాడు మరీ ఉదారంగా తన జేబులోని నొప్పి మాత్రల పట్టీ తీసి చేతిలో పెట్టాడు. వీళ్లలో ఒక్కడికైనా తన కిడ్నీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం చేతకాదు. అయినా పెద్దాయన అందరి మాటా విన్నాడు, అన్నీ మింగాడు. భయపడ్డ మనిషి చేసే పని అదే.

భయానికి కారణం ఉంది. ఆయన అన్న కిడ్నీ జబ్బుతోనే పోయాడు. పాదాలు ఉబ్బి, మొహం ఉబ్బి, చివరికి గుక్కెడు నీళ్ల కోసం తమ్ముణ్ణి బతిమాలుతూ పోయాడు. ఆ జబ్బు పేరు ఎవరైనా ఎత్తితే పెద్దాయన అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాడు. ఈ సంగతి ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయన కొడుకు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కిడ్నీ అన్న మాట మొదట తెచ్చినవాడు వాడే.

ఆ పరుపుల కొట్టుకు ఒక పద్ధతి ఉంది. కొత్త రకం పరుపు ఏది తయారైనా, అమ్మకానికి పెట్టే ముందు ఇంటిపెద్ద వారం రోజులు దాని మీద పడుకోవాలి. ఆయన తండ్రి పెట్టిన పద్ధతి అది. "మన ఒళ్లు ఒప్పుకోనిదాన్ని ఇంకొకడి ఒంటికి అంటగట్టకూడదు" అనేవాడు ఆ తండ్రి. వారం గడిచాక పెద్దాయన కొట్టులోకి వచ్చి "పర్లేదు" అంటే, పరుపు మూలన ఒక గుడ్డముక్క కుట్టేవారు. దాని మీద "పడుకుని చూసి పంపినది" అని ఉండేది. "విప్పండి" అంటే, ఎన్నాళ్ల పనైనా సరే, నోరెత్తకుండా విప్పేవారు. పెద్ద పెద్ద దుకాణాలు అద్దాల తలుపులతో వెలిసినా జనం ఈ ఇరుకు కొట్టుకే వచ్చేది ఆ గుడ్డముక్క కోసమే.

ఈసారి కొత్త రకం కొడుకు చేతిది. పైనా కిందా ఏకిన దూది, మధ్యలో ఏదో పొర. అదేమిట్రా అని తండ్రి అడిగితే, "మంచి కంపెనీ సరుకు నాన్నా, ఇప్పుడంతా అదే నడుస్తోంది" అన్నాడు. చూడటానికి బాగానే ఉంది. నొక్కితే బాగానే లేస్తోంది. పెద్దాయన తన పాత పరుపును ఏకడానికి పంపించి, కొత్తదాన్ని మంచం మీద వేయించుకున్నాడు. రెండు రాత్రులు ఫర్వాలేదనిపించింది. మూడో రోజు పొద్దున్న నడుము పట్టుకుని కొట్టులోకి వచ్చి, "విప్పండి" అన్నాడు.

కొడుకు విప్పలేదు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎంతో ఆప్యాయంగా, "నొప్పి ఎక్కడ నాన్నా? వెన్ను మధ్యలోనా, రెండు పక్కలా?" అని అడిగాడు.

"రెండు పక్కలా."

"పొద్దున్నే ఎక్కువా?"

"లేవగానే."

కొడుకు మొహం దించుకున్నాడు. "నాన్నా, అది నడుం కాదు. పెదనాన్నకి కూడా ఇలాగే మొదలైంది."

 అంతే, ఆ రోజు నుంచి పరుపు సంగతి పక్కకు పోయింది, కషాయం ముందుకు వచ్చింది. ఎప్పుడైనా ఆయన నసిగితే కొడుకు దగ్గర జవాబు తయారుగా ఉండేది. "జబ్బు చేసిన నడుంతో పరుపు సంగతి ఏం తేలుస్తావు? ముందు నీ ఒళ్లు బాగుపడనీ. ఆస్పత్రి వాళ్లు పరుపులు కావాలని తొందరపెడుతున్నారు, అయినా ఆగమన్నాను. నీ మాట లేకుండా ఒక్కటి కూడా గడప దాటదు." ఎంత మంచి కొడుకు అనుకున్నాడు తండ్రి. సాక్షికే మతి చెడిందని ఒప్పిస్తే సాక్ష్యాన్ని కాదనాల్సిన పనే ఉండదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

డాక్టరు దగ్గరికి మాత్రం కొడుకు తీసుకెళ్లలేదు. ఈ వారం కషాయం చూద్దాం అనేవాడు, వచ్చే వారం ఇంకో కషాయం చూద్దాం అనేవాడు. ఇన్ని నీళ్లు తాగిన మనిషికి రాత్రి నిద్రెక్కడిది? పదే పదే లేవడం, మళ్లీ ఆ కొత్త పరుపు గుంటలో పడుకోవడం. పొద్దుటికి నడుము ఇంకా బిగిసేది. అది చూసి మర్నాడు కషాయం ఇంకో గ్లాసు పెరిగేది.

చివరికి విసిగిపోయింది కోడలు. ఒకరోజు పొయ్యి మీది గిన్నె దించి, సింకులో గుమ్మరించి, "మావయ్యా, చెప్పులేసుకోండి. డాక్టరు దగ్గరికి పోదాం" అంది.

"వాణ్ణి రానీ అమ్మా."

"ఆయన వచ్చేసరికి మీరు ఉండొద్దూ? ఆయనకి పొద్దస్తమానం పనే. ఈ పీచు మరగబెట్టలేక నా చేతులు పడిపోతున్నాయి. ఉంటే జబ్బు ఉందంటారు, లేకపోతే లేదంటారు. ఏదో ఒకటి తెలిసి చావాలి కదా."

మాట కటువే గాని, ఆ ఇంట్లో ఆయన మంచి కోరి నోరు చేసుకున్నది ఆవిడ ఒక్కతే. స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది, రక్తమూ మూత్రమూ పరీక్షకు ఇప్పించింది, మర్నాడు రిపోర్టుల కోసం మళ్లీ తీసుకెళ్లింది.

డాక్టరమ్మ కాగితాలు తిప్పి చూసి, కళ్లజోడు తీసింది. "మీ కిడ్నీలకి ఏ లోటూ లేదు. మీ వయసులో ఇంత శుభ్రమైన రిపోర్టు నేను రోజూ చూడను."

పెద్దాయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. జ్వరం వచ్చిందా, మూత్రంలో మంటగానీ రక్తంగానీ ఉందా, కాళ్లు ఉబ్బాయా అని అడిగింది. ఏదీ లేదన్నాడు.

"నొప్పి పొద్దున ఎక్కువ, తిరిగితే తగ్గుతుంది. అంతేనా? ఈమధ్య ఇంకెక్కడైనా పడుకున్నారా?"

"మా చెల్లెలింట్లో ఒకరోజు. నేల మీద పడుకున్నాను."

"మర్నాడు పొద్దున్న?"

ఆయన ఆలోచించాడు. ఆ పొద్దున్న మామూలుగా లేచి వెళ్లి పళ్లు తోముకున్నాడు. ఆ సంగతి ఇన్నాళ్లూ తోచనే లేదు.

"పరుపు మార్చండి" అంది డాక్టరమ్మ. "ఆ కషాయాలన్నీ ఆపేయండి. దాహమైనప్పుడు నీళ్లు తాగితే చాలు. నొప్పి మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేసుకోవద్దు. రోజూ మింగితే లేని కిడ్నీ జబ్బు అవే తెచ్చిపెడతాయి. ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"పరుపులు కుడతాను" అన్నాడు పెద్దాయన. ఆ రెండు మాటలూ అనడానికి ఆయనకు అంత సిగ్గు ఎన్నడూ వేయలేదు.

గదిలోంచి బయటికి వచ్చాక కోడలు నవ్వేసింది. బరువు దిగినట్టుంది ఆవిడకు. "పోన్లెండి మావయ్యా, ఇన్నాళ్లూ మా అందరికీ ఊపిరి బిగబట్టినట్టుంది. పరుపేగా, విప్పిపారేద్దాం" అంది. ఆయన కూడా నవ్వబోయాడు. అప్పటికి ఆయన కోపమంతా తన తెలివితక్కువతనం మీదే. కొడుకు భయపడ్డాడు, పొరబడ్డాడు, అంతే అనుకున్నాడు.

గేటు వైపు వెళ్లే దారిలో కిడ్నీ వార్డు ఉంది. తలుపు తెరిచి ఉంది. కిటికీ పక్క మంచం మీద ఒకావిడ లేస్తోంది. ముందు ఒక పక్కకు ఒరిగింది. తర్వాత మోచేతి మీద లేచింది. ఆపైన రెండు చేతులూ నడుముకు ఆనించింది.

పెద్దాయన ఆగిపోయాడు. ఆవిడ కింద దుప్పటి తొలగి, పరుపు అంచు కనిపిస్తోంది. నీలం చారల గుడ్డ. తన కొట్టు గుడ్డ. మూలన తెల్లటి ముక్క, దాని మీద అక్షరాలు. దగ్గరికి వెళ్లకుండానే ఆయనకు అవి తెలుసు.

అయినా వెళ్లాడు. అడగకుండానే వంగి, అరచెయ్యి పరుపు మధ్యలో ఆనించి నొక్కాడు. మణికట్టు దాకా దిగిపోయింది, తిరిగి లేవలేదు. పక్క మంచం చూశాడు, ఆ పక్కదీ చూశాడు. వార్డంతా ఆ పరుపులే, అన్నిటికీ ఆ గుడ్డముక్కే.

"ఎవరండీ మీరు?" అంది ఆవిడ. మనిషి చిక్కి శల్యమై ఉంది గాని గొంతులో అధికారం ఉంది. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు అది. వార్డులో అందరూ ఆవిణ్ణి లెక్కల టీచరనే పిలుస్తారు.

"ఈ పరుపు... మీకు నడుం నొప్పి ఉందా అమ్మా?"

"కిడ్నీ వార్డులో కూర్చుని నడుం నొప్పి ఉందా అని అడిగితే ఏం చెప్పను? ఇక్కడ అందరికీ ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఈమధ్యే. అంతకుముందు ఇన్ని బాధల్లోనూ అది లేదు. కొత్తగా వచ్చిందంటే జబ్బు ముదిరిందన్నమాటే కదా. రిపోర్టులు మారలేదంటారు వీళ్లు. రిపోర్టులు వాళ్లవి, నడుం నాది."  "మా చెల్లెలు తన కిడ్నీ ఒకటి నాకిస్తానంది. టెస్టులన్నీ కలిశాయి కూడా. నేనే వద్దని దాన్ని ఇంటికి పంపేశాను. పోయేదాని కోసం బాగున్నదాన్ని కోయడం ఎందుకు?"

పెద్దాయన వెనక నిలబడ్డ కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.  అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది మాట వరసకు అనేది కాదని పెద్దాయనకు అప్పుడు తెలిసింది. కాళ్ల దగ్గర మొదలై, కడుపు మీదుగా, చెవుల దాకా వచ్చింది. "వస్తాను" అని మాత్రం అని వచ్చేశాడు.

కొట్టుకు వచ్చేసరికి కొడుకు దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నాడు. తండ్రి మొహం చూసి లేచాడు. "ఏమన్నారు నాన్నా?" అని అడిగాడు. ఆ అడగడంలో నిజంగానే భయం ఉంది. అదే ఇంకా అసహ్యం వేసింది పెద్దాయనకు.

జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లి, తన మంచం మీది పరుపును ఒక్కడే ఈడ్చుకొచ్చాడు. నడుము కలుక్కుమంది, ఆగలేదు. కొట్టు మధ్యలో పడేసి, కత్తెర తీసి, ఈ చివర నుంచి ఆ చివరకు గుడ్డ చీల్చేశాడు. రెండు చేతులతో లోపల ఉన్నది పెకిలించి నేల మీద పోశాడు. పైన వేలెడు దూది. దాని కింద అంతా తుక్కు స్పాంజి. పాత కారు సీట్లు, పెట్టెల్లో సామాన్ల మధ్య కూరే చెత్త, ముక్కలు చేసి జిగురుతో అంటించినది. ఒక ముక్కకు సీటు తోలు ఇంకా అంటుకునే ఉంది.

"ఇదా నీ కంపెనీ సరుకు?"

 "నాన్నా, బయట అందరూ ఇదే వాడుతున్నారు. ఆస్పత్రి వాళ్లు తొందర పెట్టారు. అంత దూది ఏకించడానికి టైమెక్కడుంది? నువ్వన్నట్టు విప్పితే ఉన్న ఒక్క ఆర్డరూ పోయేది."

"అందుకని నన్ను రోగిష్టివాణ్ణి చేశావు."

"లేదు నాన్నా. నేను నిజంగానే భయపడ్డాను. పెదనాన్నలాగే నువ్వూ... నేను నిజంగానే అనుకున్నాను."

"ఎప్పుడనుకున్నావు?" పెద్దాయన గొంతు పెంచలేదు. "ఆ గుడ్డముక్కలు కుట్టకముందా, కుట్టాకా?"

 కోడలు గుమ్మంలోంచి మొగుణ్ణి చూస్తూ నిలబడింది. "నా చేత మరగబెట్టించారు" అంది. "రోజూ, ఆ పీచు, నా చేత మరగబెట్టించారు. ఈ ఇంట్లో ఆడిన అబద్ధానికి నా చేత కూడా సంతకం పెట్టించినట్టయింది."  

వాడు చెడ్డవాడని చెప్పి ఊరుకుంటే పని సులువవుతుంది. వాడు అంతకంటే మామూలువాడు. ఒక అబద్ధం ఆడాడు, దాన్ని కప్పడానికి ఇంకోటి ఆడాడు. రోజూ తండ్రికి కషాయం తాగిస్తూ తాగిస్తూ ఆ జబ్బును తానూ నమ్మడం మొదలుపెట్టాడు. తండ్రి గ్లాసు ఖాళీ చేసినప్పుడల్లా తాను మంచి కొడుకునని కూడా అనుకున్నాడు. ఇలాంటివాళ్ల మీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే వీళ్లను తిట్టడం మొదలుపెట్టగానే ఏడుస్తారు. వీడూ ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత" అన్నాడు పెద్దాయన. "కొట్టులో మంచి దూది పరుపులు ఎన్నుంటే అన్నీ బండికెక్కించు. మిగతావి కుట్టి పంపుదాం. అన్నిటికంటే ముందు ఆ కిటికీ పక్క మంచానికి."

మధ్యాహ్నానికి ముగ్గురూ వార్డులో ఉన్నారు. నర్సు అభ్యంతరం చెప్పబోయింది గాని, పెద్దాయన తన సంచిలోంచి ఆ తుక్కు స్పాంజి ముక్క తీసి బల్ల మీద పెట్టేసరికి, అది చూసి డాక్టరమ్మను పిలవడానికి వెళ్లిపోయింది. పెద్దాయన టీచరు మంచం ముందు నిలబడ్డాడు. దారంతా మనసులో కూడగట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"అమ్మా, ఈ పరుపు మాది. ఈ గుడ్డముక్క మీద రాసింది అబద్ధం. ఇలాంటిదాని మీద పడుకుని నాకూ నడుం పట్టేసింది. ఇవాళ డాక్టరమ్మ నా కిడ్నీలు బాగున్నాయని చెప్పింది. మీ నొప్పి జబ్బు ముదిరి రాలేదు. ఈ పరుపు వల్ల వచ్చింది. వీడు నా కొడుకు, వీడే..." ఆయన గొంతు లేచింది, చెయ్యి కూడా లేచింది.

"చెయ్యి దించండి" అంది టీచరు.

ఆయన దించాడు.

"మీ కోపం మీ ఇంట్లో చూసుకోండి. నాకు దాంతో పని లేదు. ముందు నా కింద నుంచి దీన్ని తీయండి."

తీశారు. ఆవిణ్ణి దుప్పటితో సహా ఎత్తి ఖాళీగా ఉన్న ఇంకో మంచం మీదికి మార్చారు. భుజాల వైపు కొడుకు పట్టుకున్నాడు. ఇంత మనిషి ఇంత తేలికగా ఉంటుందని వాడు అనుకోలేదు, మొహం పాలిపోయింది. పాతది లాగేసి, దూది పరుపు వేసి, దుప్పటి సరిచేసి, మళ్లీ ఆవిణ్ణి పడుకోబెట్టారు. టీచరు కళ్లు మూసుకుంది. వార్డులో మిగతావాళ్లు మోచేతుల మీద లేచి చూస్తున్నారు. 

"నెల రోజులు" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "నెల రోజులు నేను చచ్చిపోతున్నాననుకున్నాను. నా కూతురికి చెప్పాల్సినవన్నీ చెప్పేశాను. తాగమన్న కాసిని నీళ్లు కూడా తాగడం మానేశాను. చెల్లెలు వెళ్లనంటే కేకలేసి మరీ పంపించాను. అది ఏడుస్తూ రైలెక్కింది."

పెద్దాయన చేతులు జోడించబోయాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. తలగడ కింద నుంచి ఫోను తీసి, ఒక నంబరు నొక్కి, కొడుకు వైపు చాపింది.

"మా చెల్లెలు. నువ్వు చెప్పు బాబూ. నేను చెబితే నమ్మదు, ధైర్యం చెబుతున్నాననుకుంటుంది."

"ఏమని చెప్పనండీ?" అన్నాడు కొడుకు. ఫోను అప్పటికే మోగుతోంది.

"జరిగింది."

వాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి సాయం రాలేదు. భార్య వైపు చూశాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి నిలబడింది. అవతల ఎవరో ఎత్తి, "అక్కా" అన్నారు.

"అక్క కాదండీ. నేను... మీ అక్కగారి పరుపు కుట్టినవాణ్ణి."  "ఆవిడ నడుం నొప్పి జబ్బు ముదిరి కాదండీ. నేను పరుపులో చెత్త పెట్టాను. మా నాన్న వద్దన్నా పంపించాను. ఆ నొప్పి దానివల్ల."

 అవతల ఏడుపు వినిపించింది, ఆ ఏడుపులోంచి తిట్లు మొదలయ్యాయి. వార్డంతా వినిపించేంత గట్టిగా తిడుతోంది ఆ చెల్లెలు. కొడుకు ఫోను చెవి మీంచి తీయబోయాడు.

"తీయకు" అంది టీచరు. "పూర్తిగా విను. అది తిట్టడం అయ్యాక, ఎప్పుడు బయల్దేరుతుందో అడుగు."